పాత లారీకి కొత్త బ్యాటరీలు వేసినా పొద్దున్నే స్టార్ట్ కావట్లేదు, ఆల్టర్నేటర్ పోయినట్టేనా?

అప్పుడే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీలను ఛార్జ్ చేసేది) విప్పకండి, ముందు బ్యాటరీలకు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. మన పాత లారీల్లో ఎక్కువగా రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి, మొత్తం 24 వోల్టులు. రాత్రంతా ఆగిన బండిలో రెండూ కలిపి 25 పైన చూపాలి. ఇంజన్ స్టార్ట్ చేసి కాస్త రేస్ చేస్తే 27.5 నుంచి 28.5 దాకా ఎక్కాలి. 30 దాటితే రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచేది) మీద అనుమానపడండి, బ్యాటరీ నీళ్లు త్వరగా ఇంకిపోతాయి.

అసలు ఎక్కకపోతే బెల్టు బిగువు చూడండి. తర్వాత డాష్‌బోర్డు మీది ఎర్ర ఛార్జింగ్ లైటు. తాళం తిప్పగానే అది వెలగాలి. చాలా పాత బళ్లలో ఆల్టర్నేటర్‌కి తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. అది మాడితే ఛార్జింగ్ మొదలవకపోవచ్చు. ఆ చిన్న బల్బు చూడక ఆల్టర్నేటరే మార్చేసిన వాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇక ఎర్తు, అంటే బ్యాటరీ నెగెటివ్‌ని బండి బాడీకి, ఇంజన్‌కి కలిపే కనెక్షన్. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, మీటరు ఒక వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఆల్టర్నేటర్ బాడీకి ఆనించండి. అర వోల్టు చూపిందంటే ఎర్తు కేబుల్ దగ్గర తుప్పో, లూజో ఉంది. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి చూసే పద్ధతి మాత్రం వద్దు, ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు (కరెంటును ఒకే దిక్కున పంపే భాగాలు) కాలిపోవచ్చు.