మడత ఎక్కడ పడుతుందో చెప్పని ప్రతిపాదన

పర్లాకిమిడి

గుణుపురంలోని చిరంజీవికి ఆశీస్సులు.

నౌపడ నుంచి గుణుపురం దాకా రైలు దారి మీద, ఒకవైపు తెలుగు, వెనకవైపు ఒడియాగా నీవు చేయదలచిన మడతల పుస్తకం గురించి, చిత్రపుస్తకాల ముద్రణశాలకు పంపే ముందు ఒకసారి చూడమని నీవు పంపిన ప్రతిపాదన అందింది. పద్నాలుగు పేజీలలో పదకొండు నీ ఆలోచనను గురించిన వ్యాసమే; పుస్తకం ఎన్ని అంగుళాలు, ఏ కాగితం, ఎక్కడ మడుస్తారు అన్న సంగతులకు చివరలో రెండు వాక్యాలు దక్కాయి. విసుగుపుట్టి పక్కన పెట్టేశాను. మూడోనాడు ఏం తోచిందో, ఆరు స్టేషన్ల బొమ్మలనూ కత్తిరించి, మైదా జిగురుతో వరుసగా అతికించి, మడిచి చూశాను. ఈ ఉత్తరం రాయించింది ఆ మడతే.

నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. మొదటి మడత లోపలికి, రెండోది బయటికి, మూడోది మళ్లీ లోపలికి పడతాయి కదా, ఆ మూడో మడత సరిగ్గా పాతపట్నానికీ పర్లాకిమిడికీ నడుమ, రాష్ట్రాల సరిహద్దు ఉన్నచోటే పడింది. పుస్తకం మూసేసరికి ఆంధ్రలోని ఆ ప్లాట్‌ఫారమూ ఒడిశాలోని ఈ ప్లాట్‌ఫారమూ ముఖానికి ముఖం ఆనించుకుని పడుకున్నాయి. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత గుణుపురం నుంచి వెనక్కి నడిచే నీ ఒడియా పాఠం కోసం తిప్పి చూశాను. అటువైపు అదే మడత బయటికి వస్తుంది గనుక, అవే రెండు ఊళ్లు వీపులు ఆనించుకుని ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి. తెలుగులో కలిసిన ఊళ్లు ఒడియాలో విడిపోతున్నాయన్న మాట నీ పదకొండు పేజీలలో ఎక్కడా లేదు. అది నీవు అనదలచిన మాటేనా, లేక నీ ప్రమేయం లేకుండా కాగితం అనేసిందా? ఒడియా మాత్రమే చదివే నీ స్నేహితురాలు ఆ ప్రశ్న అడిగే లోపల నీవు తేల్చుకోవాలి. ఉద్దేశపూర్వకమే అయితే ప్రతిపాదనలో మొదటి వాక్యం అదే కావాలి. కాకపోతే ఒడియా వైపు బొమ్మల అమరిక మార్చు.

డమ్మీ, అంటే చేత్తో మడిచి అతికించిన నమూనా పుస్తకం, చేయకుండా ప్రతిపాదన రాయకూడదని నేను నలభై ఏళ్లుగా పోరుతున్నాను. ఇందులో నాకు మొండితనం ఎక్కువని మిత్రులు అంటారు, అననీ. రూపమే రచన అయిన పుస్తకానికి డమ్మీ లేకుండా వివరణ పంపడం, పునాది తవ్వకుండానే గృహప్రవేశానికి పిలవడం లాంటిది. నీ భాష బాగుంది, బొమ్మలు బాగున్నాయి. వాటిని చేతిలో పట్టుకున్నప్పుడు ఏమవుతుందో మాత్రం నీకు ఇంకా తెలియదు.

దీనికి నేను చెల్లించిన మూల్యం చెబుతాను. 1987లో నా పదహారు పేజీల కవితల పుస్తకం బరంపురంలో అచ్చయింది. ఎడమ పేజీలో అమ్మ ప్రశ్న, కుడి పేజీలో నాన్న జవాబు. సంపాదకుడు సదుద్దేశంతోనే, నన్ను అడగకుండా, ఒక పెద్దమనిషి చేత ఒక్క పేజీ ముందుమాట రాయించి మొదట్లో చేర్చాడు. దానితో అన్నీ ఒక్కొక్క పేజీ జరిగిపోయాయి. అమ్మ కుడి పేజీలో 'అన్నం తిన్నావా' అని అడుగుతుంటే ఎదుటి పేజీలో నాన్న ఆవు ఈనిన సంగతి చెబుతున్నాడు. అసలు జవాబు పేజీ తిప్పితేగాని దొరకదు. ఒక విమర్శకుడు దానిని ఆధునిక మానవుడి సంభాషణా వైఫల్యమని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు ఇప్పటికీ అరగలేదు; అప్పటినుంచి ముందుమాట అంటేనే నాకు పడదు.

నీకూ ఆ గండం ఉంది. ముద్రణశాలవారు తమ పేరు కోసం మొదట ఒక్క పేజీ చేర్చారంటే పాతపట్నం మూడో స్థానం నుంచి నాలుగో స్థానానికి పోతుంది, లోపలి మడతలన్నీ బయటి మడతలవుతాయి, నేను చెప్పిన ఆ ముఖాముఖి మాయమవుతుంది. ఆరు పేజీలే ఉండాలనీ, ముద్రణ వివరాలు పుస్తకానికి చుట్టే కాగితపు పట్టీ మీదనే వేయాలనీ స్పష్టంగా రాయి. నీవు కోరిన గట్టి అట్టలు కూడా వద్దు. మడతల పుస్తకానికి అట్టలు అతికేది మొదటి పేజీ వీపుకూ చివరి పేజీ వీపుకూ; అంటే ఒడియా వైపు గుణుపురమూ నౌపడా రెండూ జిగురు కింద పడి కనబడకుండా పోతాయి. మీ ఊరినే పూడ్చుకుంటావా?

కాగితం సంగతి. పేజీ వెడల్పు ఏడు అంగుళాలన్నావు, ఆరు పేజీలకు నలభై రెండు అంగుళాలు. బజారులో దొరికే తావు, అంటే కత్తిరించని పెద్ద కాగితం, 23×36 అంగుళాలు. అతుకు తప్పదు. అయిదుంబావు అంగుళాలకు తగ్గిస్తే ముప్పై ఒకటిన్నరతో ఒకే తావులో సరిపోతుంది, ఎత్తు ఏడైతే తావుకు మూడు పుస్తకాలు వస్తాయి, నీవు కోరిన 100 ప్రతులకు 34 తావులూ, పాడయ్యేవాటికి మరో పది. ఈ లెక్క చూసిన ముద్రాపకుడు నీ వ్యాసం చదవకపోయినా నిన్ను నమ్ముతాడు. కాగితం గ్రెయిన్, అంటే అందులోని పీచు సాగే దిశ, ఏ వైపు ఉందో కూడా అడుగు. 36 అంగుళాల వైపుగా ఉంటే నీ మడతలన్నీ దానికి అడ్డంగా పడి, మందపు కాగితమైతే మడత గీత మీద సిరా పగులుతుంది. ఒక ముక్క చింపి చూడు: నిటారుగా చిరిగిన వైపే గ్రెయిన్. పూలరేకులు కలిపిన చేతికాగితమూ జనపనార తాడూ నీ జాబితాలోంచి తీసెయ్యి. ఈ మధ్య ప్రయోగం పేరుతో వచ్చే పుస్తకాలన్నీ ఒకే తాడుకు కట్టిన మూటల్లా ఉంటున్నాయి.

ఇక, 'ప్రపంచంలోనే తొలి మడతల రైలు పుస్తకం' అన్న వాక్యం కొట్టెయ్యి. 1913లోనే పారిస్‌లో బ్లేజ్ సాంద్రార్ సైబీరియా రైలు ప్రయాణం మీద రాసిన కవితను సోనియా దెలోనే రంగులతో రెండు మీటర్ల మడతల కాగితంగా వేశారు. తలపెట్టిన 150 ప్రతులనూ నిలువునా కలిపితే ఐఫెల్ టవర్ ఎత్తు వస్తుందని లెక్క కట్టి మరీ ప్రకటించారు. ఇలాంటి పుస్తకాలు వేసేవారికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. అలాగే నారోగేజి రైలు 1900లో మీ ఊరికి రాలేదు. అప్పుడు వచ్చింది పర్లాకిమిడి దాకానే. గుణుపురం చేరింది 1931కి.

పారితోషికం గురించీ, కలంపేరు గురించీ కూడా అడిగావు. ముందు డమ్మీ కానియ్యి.

అతికించిన ముక్కను దీనితోపాటే పంపుతున్నాను. పర్లాకిమిడి దగ్గర కాస్త వంకరగా వచ్చింది, అది నా కత్తెర తప్పు. నీవు చేసేటప్పుడు రెండు చెయ్యి, ఒకటి నీ దగ్గర ఉంచుకుని రెండోదాన్ని రెండు అట్టల మధ్య పెట్టి పంపు. పిన్ను కొట్టవద్దని కవరు మీద పెద్ద అక్షరాలతో, రెండు భాషలలోనూ రాయి.

ఆశీస్సులతో.