కడపలో ఆ అమ్మాయి బజార్లో పలకరించకపోవడానికి కారణం

మీరు విశాఖలో పెరిగారు, వయసు 27, ఉద్యోగం మీద కడపకు వచ్చారు. ఆఫీసులో ఒక ముస్లిం అమ్మాయి నచ్చింది. లోపల చక్కగా మాట్లాడుతుంది, మధ్యాహ్నం డబ్బాలో కూర కూడా పంచుతుంది. అదే అమ్మాయి వైవీ స్ట్రీట్‌లో ఎదురైతే ముక్కూమొహం తెలియనట్టు వెళ్ళిపోతుంది. ‘ఇష్టం లేదా, లేక నాతో ఆడుకుంటోందా? అసలు ఈ ఊళ్ళో అబ్బాయిలూ అమ్మాయిలూ ఎట్లా కలుసుకుంటారు?’ అని అడిగారు.

ఆడుకోవడం లేదండీ. ఇష్టం ఉందో లేదో నేను చెప్పలేను, అది ఆమే చెప్పాలి. బజార్లో పలకరించకపోవడం మాత్రం దానికి జవాబు కాదు. తన పేరును తను కాపాడుకుంటోంది, అంతే.

కడప పెద్ద ఊరే. కానీ ఒక ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి చాలా చిన్నదైపోతుంది. రోజూ ఎక్కే ఆటో ఆయనకు వాళ్ళ నాయన తెలుసు. జాకెట్లు కుట్టే ఆమె వాళ్ళ చిన్నమ్మకు స్నేహితురాలు. మందుల షాపులో కూర్చునేది వరసకు అన్న. ‘ఫలానా వాళ్ళ పిల్ల ఎవరో అబ్బాయితో నిలబడి మాట్లాడుతుండె’ అనే మాట ఆ పిల్ల కంటే ముందే ఇల్లు చేరుతుంది. అప్పుడు మీకేమవుతుంది? ఏమీ కాదు. మీ అమ్మానాన్నలు విశాఖలో ఉన్నారు, వాళ్ళ చెవిన కూడా పడదు. ఆమెకేమో ముందు ఉద్యోగం మానిపిస్తారు. తర్వాత చేతికి దొరికిన సంబంధం ఖాయం చేస్తారు. చెల్లెలుంటే, ‘ఆ పిల్ల అక్క అట్లంట’ అనే మాట చెల్లెలి పెళ్ళిచూపుల దాకా వస్తుంది. ఇద్దరూ కలిసి చేసిన పనికి బాకీ అంతా ఒకరే తీర్చాలి. మీరు ఇక్కడ ఏ అడుగు వేసినా ఈ సంగతి మనసులో పెట్టుకునే వేయండి. మిగతావన్నీ దీని తర్వాతే.

నా సంగతి చెబుతాను, ఎందుకంటే నేనూ అట్లా తల తిప్పుకుని వెళ్ళిన అమ్మాయినే.

మాది దూదేకుల ఇల్లు. పేర్లు ముస్లిం పేర్లు, ఇంట్లో మాట తెలుగు. నాయనను నాయనా అనే పిలుస్తాం, మా జేజికి, అంటే నాయనమ్మకు, ఉర్దూలో నాలుగు ముక్కలు కూడా రావు. నేను పెళ్ళి చేసుకున్నది ఉర్దూ మాట్లాడే ఇంటి అబ్బాయిని. బయటివాళ్ళకు ఇందులో పెద్ద తేడా కనపడదు, ‘ఇద్దరూ ముస్లింలే కదా’ అంటారు. మా రెండిళ్ళలో మాత్రం అది పెద్ద గోడ. ప్రభుత్వం లెక్కలో కూడా మేం బీసీ-బీ, వాళ్ళు బీసీ-ఈ. వాళ్ళ అమ్మీ అడిగిన మొదటి మాట, ‘ఆ పిల్లకు మన మాట రాదంట కదా, రేపు పిల్లలు ఏం మాట్లాడతారు?’ మా నాయన అన్నది ఇంకోటి: ‘వాళ్ళు మనల్ని తక్కువగా చూస్తారు, నువ్వు అక్కడ తలెత్తుకుని తిరగలేవు.’ ఇద్దరి భయమూ నిజమైన భయమే. ఎవరినీ చెడ్డవాళ్ళని అనలేను.

మేం కలిసింది నంద్యాలలో, బ్యాంకు పరీక్షల కోచింగులో. సీమలో ప్రేమ పెళ్ళిళ్ళ లెక్క ఎవరైనా తీస్తే కోచింగ్ సెంటర్ల వాటా చాలా పెద్దదని తేలుతుందని నా నమ్మకం. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండడానికి ఆడపిల్లకు దొరికే ఒకే ఒక్క ఒప్పుకోలు కారణం చదువు. ఒకే బెంచీల వరస, ఒకే టెస్ట్ పేపర్లు, జిరాక్స్ షాపు దగ్గర ఒకే క్యూ. అక్కడ ఇద్దరు మాట్లాడుకుంటే ఎవరూ తప్పు పట్టరు, లెక్కల గురించే మాట్లాడుతున్నారనుకుంటారు. మేమూ చాలాకాలం లెక్కల గురించే మాట్లాడుకున్నాం. అప్పట్లో సెల్‌ఫోన్లు ఇంటికొకటి కూడా లేవు, రూపాయి కాయిన్ బాక్సులే. పండక్కి ఊరొచ్చినప్పుడు కడప ఏడురోడ్ల దగ్గర ఎదురుపడితే నేను చూడనట్టు పోయేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా ‘ఎందుకు పలకరించలేదు’ అని అడగలేదు. వెంట రాలేదు, వీధి మలుపులో నిలబడలేదు, నా స్నేహితురాళ్ళ చేత కబురు పంపలేదు. ఈయన్ను నమ్మొచ్చు అని నాకు అనిపించింది ఆ అడగకపోవడం వల్లే. పొగడ్తలు, కానుకలు ఎవరైనా ఇస్తారు.

పెళ్ళి దాకా తెచ్చింది మాత్రం మేమిద్దరం కాదు, వాళ్ళ ఆపా, అంటే అక్క. పెళ్ళయి పిల్లలున్న ఆడమనిషి, రెండు వైపులా ఆమె మాటకు విలువుంది. ఆమె ముందు నన్ను విడిగా కూర్చోబెట్టి, ‘నీకు నిజంగా ఇష్టమేనా, మావాడు ఒత్తిడి పెడుతున్నాడా?’ అని అడిగింది. తర్వాతే మా అమ్మతో మాట కలిపింది. ఒప్పుకోవడానికి చాలా నెలలు పట్టింది. నిఖా రోజు కూడా మా పెద్దనాయన ముభావంగానే ఉన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో రెండు భాషలూ కలగాపులగంగా నడుస్తాయి, అమ్మీ మనవరాలితో తెలుగులోనే పోట్లాడుతుంది.

మతం ఒకటే అయినా మాకు ఇంత పట్టింది. మీది మతం దాటే విషయం. అందుకే ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ప్రాంతం బయటికి కనిపించే దానికంటే చాలా కలగలుపు ప్రాంతం. మడకశిర, ఆదోని వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలున్నాయి. తండాల్లో లంబాడీ మాట. కడప, కర్నూలు పాతబస్తీల్లో ఉర్దూ. క్రైస్తవుల్లో కూడా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు ఆర్‌సీఎంలోనే, సీఎస్‌ఐ (ప్రొటెస్టెంట్) వాళ్ళు సీఎస్‌ఐలోనే సంబంధాలు వెతుక్కోవడం మామూలు. హిందువుల్లో కులం సంగతి మీకు చెప్పక్కర్లేదు, దాని మీద మేనరికం ఒకటి. ఎంతోమంది ఆడపిల్లలకు మేనమామో, మేనత్త కొడుకో పుట్టినప్పటి నుంచే ‘అనుకున్న సంబంధం’. మీకు నచ్చిన అమ్మాయి ఏ కులమైనా, ఏ మతమైనా, ఇంట్లో ఇప్పటికే ఎవరినైనా అనుకున్నారేమో అన్నది తెలుసుకోవాల్సిన మొదటి సంగతుల్లో ఒకటి.

కలిసి బతకడం మాత్రం ఇక్కడివాళ్ళకు బాగా వచ్చు. కడప పెద్ద దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండగకు కుళ్ళాయిస్వామి పీరు దగ్గర హిందువులు నిప్పుల గుండం తొక్కుతారు. ఉగాది రోజు దేవుని కడప గుడికి వెళ్ళండి, ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని వరసలో నిలబడి కనిపిస్తాయి. వెంకటేశ్వరస్వామి పెళ్ళాడిన బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అన్నది వాళ్ళ నమ్మకం. చూసినప్పుడల్లా నా కళ్ళు చెమరుస్తాయి. అయితే దాన్ని చూపించి వాళ్ళ ఇంట్లో ఒప్పించవచ్చని మాత్రం అనుకోకండి. దేవుడి పెళ్ళికి తలవంచిన మనిషే కూతురి పెళ్ళి దగ్గర గట్టిగా నిలబడతాడు. పండగ వేరు, వియ్యం వేరు.

ఇక మీరు చేయాల్సింది. ఆఫీసులో ఆమె ఎంత దూరం మాట్లాడితే అంత దూరమే మాట్లాడండి. ఫోన్ నంబరు మీరు అడగొద్దు. ఆఫీసు గ్రూపులో నంబరు ఉందని రాత్రిపూట విడిగా మెసేజ్ అసలు పెట్టొద్దు, ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియదు. కొన్నాళ్ళ తర్వాత కూడా మీ మనసు మారకపోతే ఒక్కసారి సూటిగా చెప్పండి. ఆఫీసులోనే, పగటిపూట, నలుగురూ కనిపించే చోట, ఎవరికీ వినపడకుండా. ‘నాకు మీరంటే ఇష్టం. పెళ్ళి ఉద్దేశంతోనే చెబుతున్నా. మీకు ఇష్టం లేకపోతే ఇక ఈ మాట ఎత్తను, పనిలో తేడా రానివ్వను.’ ఇంతే. ‘చూద్దాం, ఎట్లా కుదిరితే అట్లా’ అనే మాట విశాఖలో నడుస్తుందేమో, ఇక్కడ వద్దు. పెళ్ళి ఉద్దేశం లేకపోతే అసలు మొదలే పెట్టొద్దు. ఇది నీతి కోసం చెప్పడం లేదు, మీ సరదాకు ఆమె ఉద్యోగం పోతుందని చెబుతున్నాను.

వద్దు అంటే అక్కడితో అయిపోవాలి. మౌనంగా ఉండిపోయినా వద్దనే అర్థం. ఒప్పుకునేదాకా వెంటపడితే అది ప్రేమ అనే ఆలోచన మన కుర్రాళ్ళ బుర్రల్లో గట్టిగా నాటుకుపోయింది. చట్టంలో దాని పేరు వెంబడించడం, అది నేరం.

సరే అంటే, గండికోటకో పుష్పగిరికో బండి మీద తీసుకెళ్ళాలని తొందరపడకండి. జంటగా కనిపించిన వాళ్ళను ఆపి ‘మీరెవరు, ఏ మతం’ అని అడిగి ఫోన్లో వీడియో తీసే కుర్రకారు అన్ని వైపులా ఉన్నారు. హెల్మెట్ పెట్టుకుని, మొహానికి చున్నీ కట్టుకుని వెళ్ళే జంటలు పిచ్చివాళ్ళేం కాదు. ఆఫీసు పని, స్నేహితుల ఇంట్లో ఫంక్షన్, పుస్తకాల పేరుతో ఊళ్ళోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, ఇట్లా కారణం ఉన్న చోట కలవడమే నయం.

యాప్‌ల గురించి కూడా అడిగారు. బెంగళూరు, హైదరాబాదులో మాదిరి ఇక్కడ నడవవు. ప్రొఫైల్ పెట్టే అమ్మాయిలు తక్కువ, పెట్టినా సొంత ఫొటో పెట్టరు. దగ్గర్లో ఉన్నవాళ్ళను చూపించే యాప్ అంటే, ముందు కనిపించేది పక్కింటి అబ్బాయే. తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ కులం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. మగవాళ్ళకు ఇంకో ప్రమాదం వీడియో కాల్ మోసాలు. తెలియని ప్రొఫైల్ నుంచి కాల్ ఎత్తాక రికార్డు చేసి డబ్బులు అడుగుతారు. అట్లా జరిగితే డబ్బు కట్టకండి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మాట్రిమోనీ సైట్లు కొంత నయం, కానీ కులం పెట్టె నింపనిదే అక్కడ పని జరగదు.

ఆమె సరే అన్నాక వెతకాల్సింది మా ఆపా లాంటి మనిషిని. వాళ్ళ వైపు నుంచి ఒకరు, మీ వైపు నుంచి ఒకరు. ఎవరిని నమ్మాలో ఆమే చెబుతుంది, మీరు ఎంచకండి. మీ ఇంట్లో ముందు మీరు చెప్పుకోండి. తన ఇంట్లో అంత గొడవ పడడానికి సిద్ధపడిన అమ్మాయికి, ‘మా అమ్మ ఒప్పుకోలేదు’ అని చివర్లో చెప్పిన అబ్బాయిలను చూశాను. వాళ్ళను క్షమించడం నాకు కష్టం.

పెళ్ళి కోసం ఎవరూ మతం మారక్కర్లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు, 30 రోజుల్లో చట్టబద్ధమైన అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షులతో పెళ్ళి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు చేసుకోవాలి, దాటితే మళ్ళీ మొదటికి వస్తుంది. ‘మాకు ఇష్టం లేదు’ అన్నది చట్టంలో అభ్యంతరం కాదు. వయసు చాలకపోవడం, ముందే పెళ్ళయి ఉండటం, కుదరని దగ్గరి చుట్టరికం లాంటివే లెక్క. చాలామందికి తెలియనిది ఒకటుంది: మీ శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు నకలు అక్కడికీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అంటే విశాఖలో కూడా. మాకు తెలిసిన ఒక జంటకు ఆ బోర్డు దగ్గరే చిక్కొచ్చింది. ఏదో పత్రం కోసం వెళ్ళిన బంధువు పేర్లు చదివి ఇంటికి ఫోన్ చేశాడు. అందుకే నోటీసు ఇవ్వకముందే ఆ 30 రోజులూ ఆమె ఎక్కడ ఉంటుంది, ఉద్యోగానికి ఎట్లా వెళ్తుంది, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి తేల్చుకోవాలి.

బెదిరింపులు వస్తే తేలిగ్గా తీసుకోకండి, తెలుగు నేల మీద కూడా పరువు పేరుతో ప్రాణాలు పోయాయి. మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్ళికి రక్షణ ఇవ్వడం పోలీసుల బాధ్యత అని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో చెప్పింది. 2018లో శక్తి వాహిని కేసులో జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, తలదాచుకునే ఇళ్ళు ఉండాలంది. ఎస్పీ ఆఫీసుకు వెళ్తే నోటిమాటగా కాదు, ఈ తీర్పుల పేర్లు రాసి అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ 15100. మహిళల హెల్ప్‌లైన్ 181. ఈ రెండు నంబర్లూ మీకంటే ఆమె దగ్గర ఉండటం ముఖ్యం.

ఇంకొక్కటి, ఇది ఈ రోజే చేయండి. మీ ప్రశ్నలో ఆమె ఏ సెక్షన్‌లో పనిచేస్తుందో, ఏ పేట నుంచి వస్తుందో, ఏ రంగు స్కూటీ నడుపుతుందో కూడా రాశారు. మీ ఆఫీసువాళ్ళు చదివితే ఆమె ఎవరో వెంటనే పోల్చుకుంటారు. ఆ రెండు వాక్యాలూ తీసేయండి.