కొత్త పుస్తకానికి తొలి పాఠకుడివి కా

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. నీ కథల సంపుటి వచ్చేలోగా ఇతరుల కొత్త పుస్తకాల మీద సమీక్షలు రాయాలనుకోవడం మంచి ఆలోచన. దాన్ని వదులుకోవద్దని చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. "ఇన్ని పుస్తకాలు వస్తున్నాయి, ఇంతమంది వాటి గురించి మాట్లాడుతున్నారు, ఇందులో నా మాట ఎవరు వింటారు?" అని అడిగావు. ముందు దానికే జవాబు చెబుతాను.

పుస్తకం అచ్చు కావడమే కష్టమైన రోజులుండేవి. ఒకేసారి వందలకొద్దీ కాపీలు వేస్తే తప్ప ప్రెస్సు ఖర్చు గిట్టేది కాదు కాబట్టి ప్రచురణకర్త ఆచితూచి ఎంచుకునేవాడు. ఎడిటర్ చదివేవాడు, దిద్దించేవాడు, నచ్చకపోతే తిప్పి పంపేవాడు. ఆ వడపోతలో మంచి పుస్తకాలు కూడా ఆగిపోయిన మాట నిజం. తర్వాత ఎన్ని కాపీలు కావాలంటే అన్నే వేసే ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చింది. 2007 నవంబరులో అమెజాన్ సంస్థ ఈబుక్‌లు చదివే పరికరం కిండిల్‌ను అమ్మకానికి పెట్టినప్పుడే, రచయిత తన పుస్తకాన్ని తానే ఈబుక్‌గా పెట్టుకునే వీలు కూడా కల్పించింది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఎందరో రచయితలు అలా వెలుగులోకి వచ్చారు. కానీ కృత్రిమ మేధతో పుస్తకాలు తయారు చేయడం మొదలయ్యాక సంగతి ఎక్కడిదాకా వెళ్లిందంటే, ఒక్కొక్కరు రోజుకు 3కు మించి కొత్త పుస్తకాలు పెట్టకూడదని అదే సంస్థ 2023 సెప్టెంబరులో పరిమితి విధించాల్సి వచ్చింది.

అంటే ఎడిటర్ చేసిన వడపోత పని ఇప్పుడు పాఠకుడి నెత్తిన పడింది. పాఠకుడికేమో అంత తీరిక లేదు. పుస్తకాలకు కరువు లేదు, వాటి గురించి మాట్లాడేవాళ్లకూ కరువు లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఆ తర్వాత మాట్లాడేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఆ తక్కువమందిలో నువ్వు ఒకడివైతే నీ మాట వింటారు. ఆలస్యం కావచ్చు గాని వింటారు.

"మీకు ఇది నచ్చవచ్చు" అని యాప్‌లు చూపించే సిఫారసుల గురించి కూడా అడిగావు. అవి ఆ పని బాగానే చేస్తుంటే మనమెందుకని నీ అనుమానం. అవి ప్రధానంగా లెక్క చూసేది ఈ పుస్తకం కొన్నవాళ్లు ఇంకేం కొన్నారు, దీన్ని మెచ్చినవాళ్లు ఇంకేం మెచ్చారు అని. కాబట్టి ఇప్పటికే పదిమంది చదివిన పుస్తకాన్ని పదకొండోవాడికి చూపించగలవు. నిన్న వచ్చిన తొలి పుస్తకానికి అలాంటి చరిత్రే ఉండదు. ఆ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని కోల్డ్ స్టార్ట్ సమస్య అంటారు. ఎవరో ఒక మనిషి ముందు చదివి, నచ్చిందని నలుగురికి చెబితే తప్ప ఆ పుస్తకం కదలదు. ఆ మొదటి మనిషి అవసరం ఇదివరకటి కన్నా ఇప్పుడే ఎక్కువ.

మరి అలాంటి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? అందరూ చూసే చోట వెతకకు. బహుమతి గెలిచిన పుస్తకం గురించి చెప్పేవాళ్లు ఎలాగూ ఉంటారు, నువ్వు లాంగ్‌లిస్ట్ చూడు, అంటే ఆ బహుమతికి మొదటి వడపోతలో నిలిచిన పుస్తకాల జాబితా. అందులో నీకు పేరు కూడా తెలియని ముగ్గురు నలుగురు తప్పకుండా ఉంటారు. నీకు బాగా నచ్చిన పుస్తకం చివర రచయిత ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాడో చదువు. అక్కడ ఎడిటర్ పేరు ఉంటుంది. ఆ ఎడిటర్ తెచ్చిన మిగతా పుస్తకాలు వెతుకు, రుచి కలిసే అవకాశం ఎక్కువ. చిన్న పత్రికల్లో కొత్తవాళ్ల కథలు వచ్చినప్పుడే పేర్లు రాసి పెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత వాళ్ల పుస్తకం వచ్చినప్పుడు నువ్వు సిద్ధంగా ఉంటావు.

అనువాదకుల పేర్లు గుర్తుపెట్టుకోమని మాత్రం మరీ మరీ చెబుతాను. మంచి అనువాదకుడు ఒక పుస్తకంతో నెలల తరబడి కాపురం చేస్తాడు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి చూస్తాడు. తనకు నచ్చనిదాన్ని అంతకాలం మోయడం కష్టం కాబట్టి అతని ఎంపిక మీద నాకు చాలా నమ్మకం. చిన్న ప్రచురణ సంస్థల మాట కూడా అంతే. 2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకు, 2025లో బాను ముష్తాక్ కన్నడ కథలకు, ఇంగ్లిష్‌లోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. బ్రిటన్‌లో ఆ రెండు పుస్తకాలనూ ఇంగ్లిష్‌లో తెచ్చినవి టిల్టెడ్ యాక్సిస్, అండ్ అదర్ స్టోరీస్ అనే చిన్న సంస్థలు. బహుమతి రాకముందే వాటిని చదివి రాసినవాళ్లున్నారు. అలాంటివాళ్లలో నువ్వూ ఉండాలని నా కోరిక.

ఇక సమీక్ష రాయడం. నీ చేతిలో ఉన్నది ఏ ప్రతో ముందు చూసుకో. విడుదలకు ముందు పంపే కాపీల్లో తుది దిద్దుబాట్లు జరిగి ఉండవు. వాటిలోంచి వాక్యం ఎత్తి రాసేటప్పుడు అచ్చయిన పుస్తకంతో సరిచూడు. ఒక ఓడ మునిగిపోవడంతో ముగిసే హెర్మన్ మెల్విల్ నవల 'మోబీ డిక్' 1851లో ముందు లండన్‌లో వచ్చింది. కథ చెప్పేవాడు ఎలా బతికి బయటపడ్డాడో చెప్పే చివరి భాగం ఆ ప్రతిలో లేకుండా పోయింది. ఓడతో పాటు కథకుడూ మునిగిపోతే ఈ కథ ఎవరు చెప్పినట్టని అక్కడి సమీక్షకుల్లో కొందరు తప్పుపట్టారు. తమ ముందున్న ప్రతిని బట్టి రాశారు కాబట్టి వాళ్లను నేను ఏమీ అనను. కొద్ది వారాలకే అమెరికాలో ఆ చివరి భాగంతో సహా పుస్తకం వచ్చింది. అయినా అక్కడి పత్రికలు కొన్ని లండన్ సమీక్షల మాటల్నే మళ్లీ అచ్చువేశాయి. నా బాధ వాళ్ల గురించే. తిప్పి చూస్తే చివరి పేజీలు చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు కూడా అట్ట వెనక రాసినదాన్నీ ముందుమాటనూ అటూ ఇటూ మార్చి సమీక్ష అని పంపేవాళ్లున్నారు. నువ్వు ముందుమాటను పుస్తకం పూర్తయ్యాకే చదువు.

చదువుతున్నప్పుడే పేజీ నంబరు వేసి నోట్స్ రాసుకో. పూర్తయ్యాక మొదటి ఇరవై పేజీలు మళ్లీ చదువు. రచయిత ఏం చేయబోయాడో అప్పుడు గాని సరిగ్గా తెలియదు. "హృద్యంగా ఉంది", "ఆపకుండా చదివించింది" లాంటి మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి, అందుకే వాటి వల్ల పాఠకుడికి ఏమీ తెలియదు. ఏ పేజీలో, ఏ సంభాషణలో, ఏ వాక్యం దగ్గర నీకు అలా అనిపించిందో చూపించు. కథ మొత్తం చెప్పేయకు. ఆ పుస్తకం ఎవరికి నచ్చకపోవచ్చో కూడా ఒక మాట చెప్పు, పాఠకుడికి అది నిజంగా పనికొస్తుంది.

పుస్తకం బాగా లేకపోతే ఏం చేయాలన్నావు. కొత్తవాళ్ల తొలి పుస్తకం ఏ విధంగానూ నిలబడలేదనిపిస్తే దాని గురించి రాయవద్దని నా అభిప్రాయం. ఎలాగూ ఎవరికీ తెలియని పుస్తకాన్ని చీల్చి చెండాడితే పాఠకుడికి ఒరిగేదేమీ లేదు. పేరున్న రచయిత పుస్తకమైతే వేరు. దాన్ని వేలమంది ఎలాగూ కొంటారు కాబట్టి నిర్మొహమాటంగా రాయి. స్నేహితుల పుస్తకాలకు సమీక్ష రాయకు. రాయక తప్పకపోతే స్నేహితుడినని మొదటి పేరాలోనే చెప్పు.

నీ పుస్తకం ప్రచారం సంగతికి వస్తాను. టెన్షన్ పడుతున్నావని తెలుసు. రచయిత తన పుస్తకం గురించి తాను మాట్లాడటంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, తన పేరుతో మాట్లాడినంత వరకు. వాల్ట్ విట్మన్ 1855లో తన కవితా సంపుటిని సొంతంగా అచ్చు వేయించుకుని, పేరు పెట్టకుండా తానే సమీక్షలు రాసి పత్రికల్లో వేయించాడు. అంత గొప్ప కవికి కూడా అది గౌరవం తెచ్చిన పని కాదు. ఇప్పుడైతే అది ఒక వ్యాపారంగా మారింది. డబ్బిచ్చి పొగడ్తలు రాయించడాన్నీ, యంత్రంతో పుట్టించిన దొంగ రివ్యూలనూ నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నియమం తెచ్చింది. ఎవరైనా "ఇంత ఇస్తే ఇన్ని రివ్యూలు" అని నీ దగ్గరికి వస్తే వెంటనే వద్దని చెప్పు. చట్టం ఉన్నా లేకపోయినా అది పాఠకుడిని మోసం చేయడమే.

చేయగలిగిన మంచి పనులు చాలా ఉన్నాయి. పుస్తకంలోంచి ఒక పూర్తి కథను ఉచితంగా చదవనివ్వు. సమీక్షకు కాపీ పంపేటప్పుడు ఆ సమీక్షకుడు ఇదివరకు రాసిన ఏదో ఒకటి చదివి, నీ పుస్తకం ఆయనకే ఎందుకు పంపుతున్నావో రెండు వాక్యాలు రాయి. పంపాక ఒక్కసారి గుర్తు చేయి, అంతే. మంచి రివ్యూ రాయమని అడగకు, చదవమని మాత్రం అడుగు.

మొదటి నెలలో స్పందన రాలేదని దిగులు పడకు. జాన్ విలియమ్స్ నవల 'స్టోనర్' 1965లో వచ్చి, పెద్దగా అమ్ముడుపోకుండానే కనుమరుగైంది. ఆయన 1994లో పోయాడు. ఆ తర్వాత దాన్ని ఇష్టపడ్డ కొద్దిమంది పట్టుబట్టి మళ్లీ అచ్చు వేయించారు. ఫ్రెంచ్ రచయిత్రి ఆనా గవాల్డా ఇంగ్లిష్‌లో చదివి, మనసు ఆగక తానే ఫ్రెంచ్‌లోకి అనువదించింది. 2011లో ఆ అనువాదం వచ్చాక యూరప్ అంతా చదివారు. 2013లో బ్రిటన్‌లోని పుస్తకాల దుకాణాల సంస్థ వాటర్‌స్టోన్స్ దాన్ని ఆ ఏటి పుస్తకంగా ఎంచుకుంది. అందుకే సమీక్షకుడిగా నువ్వు కూడా ఈ నెల వచ్చినవే పట్టుకుని కూర్చోకు. మూడేళ్ల క్రితం వచ్చి ఎవరూ మాట్లాడని పుస్తకం నీకు దొరికితే అది కూడా కొత్త పుస్తకమే.

నీ ఉత్తరంలో ఒక అనువాద నవల పేరు రాశావు, సగం చదివానన్నావు. మిగతా సగం పూర్తి చేసి, రాసింది నాకు పంపు. నేనూ ఆ పుస్తకం తెప్పించుకుంటున్నాను. నువ్వు చెప్పిన పేజీలు తెరిచి పెట్టుకుని నీ సమీక్ష చదువుతాను.

ప్రేమతో,
అన్నయ్య