పాల్ రాబ్సన్ ఆడిన ఫుట్‌బాల్

ప్రశ్న: పాల్ రాబ్సన్ అమెరికా నల్లజాతి గాయకుడనే తెలుసు. కాలేజీలో పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడనీ, చదువులోనూ ఫస్టనీ ఈమధ్య విన్నాను. నిజమేనా? మరి ఆటల పుస్తకాల్లో ఆ పేరు కనబడదేం? - ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: నిజమేనండీ, మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు, కోలబంతిని చేత్తో పట్టుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ ఆడే అమెరికా ఆట. దానికి తోడు బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, అథ్లెటిక్స్ కూడా. తండ్రి బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి పాస్టరైన మనిషి. కొడుకు 1915లో స్కాలర్‌షిప్ తెచ్చుకుని న్యూజెర్సీలోని రట్గర్స్ కాలేజీలో చేరాడు. జట్టు ఎంపికకు వెళ్తే తెల్లకుర్రాళ్లు ముక్కు పగలగొట్టారు, భుజం కీలు తప్పించారు. మంచం దిగి మళ్లీ వెళ్తే, కింద పడ్డవాడి చేతిని ఒకడు మేకుల బూటుతో కసిగా తొక్కాడు. రాబ్సనే తర్వాత చెప్పిన మాట ఇది: ఒళ్లు మండిపోయి, మరుసటి ఆటలో బంతితో వస్తున్నవాణ్ణి రెండు చేతులా తలపైకెత్తి నేలకేసి కొట్టబోతుంటే, కోచ్ కంగారుగా 'నువ్వు జట్టులో ఉన్నావ్' అని అరిచాడట! ఎంపిక కావడానికి ఇంతకన్నా మొరటు దారి నేనెక్కడా వినలేదు.

అయినా 1916లో దక్షిణాది కాలేజీ ఒకటి నల్లవాడుంటే మేం ఆడబోమంటే, రట్గర్స్ ఆయన్నే పక్కన కూర్చోబెట్టింది. నాకు ఆ తొక్కిన బూటుకన్నా ఇదే ఎక్కువ మంట. 1917, 1918లో వరసగా ఆల్ అమెరికా జట్టులో, అంటే దేశంలోని కాలేజీ ఆటగాళ్లలో మేటి పదకొండు మంది జాబితాలో, పేరు. చదువులో మేటి విద్యార్థులకిచ్చే ఫై బీటా కాపా గౌరవం, 1919 పట్టభద్రుల దినాన తరగతి తరఫున ప్రసంగం. ఆ తర్వాత కొలంబియా యూనివర్సిటీలో లా చదువుతూనే డబ్బు కోసం ఆక్రన్, మిల్వాకీ జట్లకు ప్రొఫెషనల్‌గా ఆడాడు. లాయరుగా మాత్రం ఎంతోకాలం నిలవలేదు. ఆఫీసులో తెల్ల స్టెనో ఆయన చెబితే రాసుకోనంది, ఆయన లేచి వచ్చేశాడు.

ఇక మీ రెండో ప్రశ్న. జాతివివక్ష మీద గట్టిగా మాట్లాడాడు, సోవియట్ రష్యాను మెచ్చుకున్నాడు. దాంతో 1950లో అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది, మళ్లీ ఇచ్చింది 1958లో. అదే 1950లో వచ్చిన ఓ ఫుట్‌బాల్ పుస్తకంలో 1918 ఆల్ అమెరికా జట్టు ఆయన పేరు లేకుండా పదిమందితోనే అచ్చయింది. పదకొండు మంది ఆడే ఆటకి! మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్ని చేర్చింది 1995లో, అప్పటికి ఆయన పోయి 19 ఏళ్లు.