ముత్తాత సమాధి వెతికేముందు ఆయన పోయిన నెల కనుక్కోండి

"మాది కోనసీమలో, గోదావరి పాయల మధ్య లంక గ్రామం. ముత్తాతని ఎక్కడ సమాధి చేశారో ఇంట్లో ఎవరికీ తెలియదు, రికార్డుల్లో దొరుకుతుందా?" అని అడిగారు. రికార్డుల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆయన ఏ నెలలో పోయారో కనుక్కోండి. తారీఖు అక్కర్లేదు, సంవత్సరం అటూ ఇటూ అయినా పర్వాలేదు. వేసవిలో పోయారా, వరదల్లో పోయారా అన్నది తేలితే సగం పని అయినట్టే. మన వైపు మనిషిని ఎక్కడ పూడ్చాలో ఊరి పెద్దల కంటే ముందు గోదావరే చెప్పేది.

మాదీ గోదావరి వైనతేయ పాయ పక్కన లంకే. మా తాతయ్య నాన్నగారి సమాధి కోసం నాన్న, నేను నాలుగేళ్ళు ఊరి సమాధుల తోటంతా తిరిగాం. పాత దిబ్బ ఒక్కటీ కనపడదు. పల్లమని చెప్పి రెండుసార్లు మట్టి తోలి మెరక చేశారు. ఆ మట్టి పోసేముందు ఏ సమాధి ఎవరిదో ఒక కాగితం మీద గీసి పెట్టుకోవచ్చు కదా! రెండు రోజుల పని. ట్రాక్టర్లు వచ్చాయి, చదును చేశాయి, పోయాయి. ఇప్పుడు వాటి మీద నల్ల గ్రానైటు సమాధులు లేస్తున్నాయి. మా ముత్తాత కూడా వాటి కిందే ఉండి ఉంటాడని ఆశ వదులుకున్నాం.

మూడేళ్ళ క్రితం ఒక పెళ్ళి భోజనాల దగ్గర నాన్నగారి మేనత్త, ఎనభై దాటిన మనిషి, "మా నాన్న పోయిన రోజు పడవలోనే నా గాజులు పగిలిపోయాయిరా" అంది. పడవేంటి మామ్మా అన్నాను.

"పెద్ద వరద కదరా."

"1986 వరదా?"

"కాదు, అప్పటికి నాకు మనవలు. ఇది నాకు పదకొండేళ్ళప్పుడు."

అంటే 1953 ఆగస్టు. లంక మునిగిపోయి ఊరంతా ఏటిగట్టు మీద తాటాకుల కింద తలదాచుకున్నారట. జ్వరంతో ఉన్న ముత్తాత మూడో రోజు పోయాడు. సమాధుల తోట మీద నిలువెత్తు నీళ్ళు. గట్టు మీద గొయ్యి తీస్తే గండి పడుతుందని కాపలావాళ్ళు ఒప్పుకోలేదు, అందులో వాళ్ళ తప్పేం లేదు. చివరికి గట్టుకి ఏటి వైపు కాకుండా లోపలి వైపు ఒక ఆసామి తన కొబ్బరితోటలో మెరక చోటు చూపించాడు. చేలన్నీ వాననీటితో చెరువుల్లా ఉంటే పడవలో తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో మా పేట మనిషికి తన తోటలో ఆరడుగుల నేల ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆయన పేరు మా ఇంట్లో ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మర్నాడే కారు మాట్లాడి మామ్మని తీసుకెళ్ళాం. ఆసామి మనవడు భూమి తగాదాకి వచ్చామనుకుని గుమ్మంలోనే నిలబెట్టాడు. మామ్మ అతని చెయ్యి పట్టుకుని "మీ తాతగారు మా నాన్నకి చోటిచ్చారు బాబూ" అన్నాక కుర్చీలు వేయించాడు. సమాధికి గుర్తుగా మామ్మ చెప్పిన మామిడిచెట్టు లేదు. 1996 తుపానుకి తోటలో సగం చెట్లతో పాటు అదీ పడిపోయిందట. అప్పుడు కొబ్బరికాయల దింపు తీసే పెద్దాయన "ఇటు రండి" అని తోట మధ్యకి నడిపించాడు. కొబ్బరి వరసలు తాడు పట్టి నాటినట్టున్నాయి. ఒక వరసలో ఒక చెట్టు లేదు. ఆ చోట కోకో మొక్క కూడా లేదు. "అక్కడ మనిషున్నాడు, గొయ్యి తియ్యకు అని మా అయ్య చెప్పేవోడండి" అన్నాడు. తుపాను తర్వాత తోటంతా మళ్ళీ నాటినప్పుడు కూడా ఆ ఒక్క చోటు వదిలేశారు. తల పడమటికి పెట్టారని మామ్మకి గుర్తుంది. చెప్పులు విప్పి, పాదాల వైపు కూర్చుంది.

ఇక రికార్డులు. మరణాల రిజిస్టరులో పోయిన తేదీ, వయసు, కారణం ఉంటాయి, ఎక్కడ సమాధి చేశారో ఉండదు. గ్రామ పటంలో శ్మశాన పోరంబోకు సర్వే నంబరు దొరుకుతుంది, అంతవరకే. 1984లో కరణాల (ఊరి లెక్కలు రాసేవాళ్ళ) పదవులు రద్దయ్యాక పాత చిట్టాలు ఎక్కడికి చేరాయో ఊరికో కథ చెప్తారు. క్రైస్తవ కుటుంబమైతే ఇంకో చిక్కు ఉంది: సంఘం పుస్తకంలో బాప్తిస్మం పేరు, భూమి కాగితంలో పాత పేరు. రెండూ రాసుకుని వెళ్ళండి. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల సమాధుల మీది రాతలు ఏరి 1905లోనే పుస్తకంగా అచ్చేశారు. ఆ దొరల పల్లకీలు మోసినవాళ్ళు ఎక్కడున్నారో మాత్రం ఎవరూ రాయలేదు. మన పని మనమే చేసుకోవాలి.

మీ ముత్తాత గారు వేసవిలో పోయి ఉంటే మీ ఊరి సమాధుల తోటలోనే, మెరక మట్టి కింద ఉంటారు. ఆషాఢ శ్రావణాల్లో అయితే గట్టు అవతలి ఊళ్ళు అడగండి. అడిగేది కూడా ఆడపిల్లలుగా పుట్టి వేరే ఊళ్ళకి కాపురానికి వెళ్ళిన పెద్దవాళ్ళని. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు మర్చిపోయినవి వాళ్ళకి గుర్తుంటాయి.

పోయిన ఈస్టరు తెల్లవారుజామున ఆ ఖాళీ చోట కొవ్వొత్తులు వెలిగించాం. సిమెంటు మాత్రం కట్టొద్దన్నాడు తోటాయన. కట్టం అన్నాం. దింపు పెద్దాయనకి మామ్మ కొత్త పంచె పెట్టింది.