చర్చికి వెళ్తే మనుషుల్లో ఏం మారుతుంది? మా ఇంట్లో, మా సంఘంలో చూసింది చెబుతాను

నాన్నగారు పోయాక మీ అమ్మగారు వీధి చివర ఉన్న చర్చికి వెళ్లడం మొదలుపెట్టారని, మీది హిందూ కుటుంబం కాబట్టి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. అసలు చర్చికి వెళ్తే మనుషుల జీవితంలో ఏం మారుతుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. నేను గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ సంఘంలో (లూథరన్ అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పుట్టి పెరిగాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా ఆదివారం ఆరాధన మానలేదు. మంచీ చెడూ రెండూ దగ్గర నుంచే చూశాను.

ప్రసంగం విని మనిషి మారిపోవడం నేను చూసింది తక్కువ. మార్చేది ప్రతి వారం అదే మనుషుల మధ్య కూర్చోవడం. మీ అమ్మగారు ఒక ఆదివారం కనిపించకపోతే సోమవారానికల్లా ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి "ఏంటి వదినా, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోతే పగలంతా గోడలు చూస్తూ కూర్చునే మనిషికి ఆ పలకరింపు ఎంత అవసరమో, ఆ ఒంటరితనం పడినవాళ్లకే తెలుస్తుంది.

భర్త పోయిన ఆడవాళ్లు చర్చికి దగ్గరవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని పైకి ఎవరూ చెప్పరు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో వాళ్లని వెనక వరసలోకి పంపేస్తారు. ఎదురొస్తే ఆగిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా సంఘంలో మాత్రం స్త్రీల ఆదివారం నాడు ఆరాధన నడిపించేది, పెళ్లిలో కొత్త జంట కోసం ప్రార్థన చేసేది చాలాసార్లు అలాంటి పెద్దావిడలే. క్రైస్తవ ఇళ్లన్నీ ఆ పాత పట్టింపులు వదిలేశాయని చెప్పను. కానీ చర్చి లోపల ఆమె అశుభం కాదు. ఆ తేడా మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది.

మా అమ్మ సంగతి చెబుతాను. తను బడి మొహం చూడలేదు. మిరపకాయల కోతలకి వెళ్లేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక్కొక్కరూ వంతులవారీగా ఒక వాక్యం చదవాలి. చదవడం రానివాళ్లు పక్కావిడ చెబుతుంటే వెనక అనేవాళ్లు. అమ్మకి అది నచ్చలేదు. పాస్టరమ్మగారిని అడిగి పెద్దక్షరాల బైబిల్ ఒకటి తెచ్చుకుంది. రాత్రి అందరి భోజనాలయ్యాక వంటింటి గడప మీద కూర్చుని, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన 23వ కీర్తన ("యెహోవా నా కాపరి" అని మొదలయ్యేది) తీసి, కారం ఘాటు ఇంకా వదలని వేలు ఒక్కో అక్షరం కింద పెట్టుకుంటూ పోయేది. మాట ముందే తెలుసు కాబట్టి ఏ అక్షరం ఏ శబ్దమో దాన్నుంచి పట్టుకునేది. అలా "కాపరి"లో "కా" దొరికాక మర్నాడు కారం ప్యాకెట్ మీద అదే అక్షరం చూపించి నన్ను పిలిచింది. ఆ మొహం నేను మర్చిపోలేను. తర్వాత డ్వాక్రా గ్రూపులో చేరినప్పుడు బ్యాంకులో వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టింది. కొన్నాళ్లకి గ్రూపు లెక్కల పుస్తకం కూడా ఆమె చేతికే వచ్చింది. చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, చెప్పడం అలవాటైన మనిషి కదా, గ్రామసభలో నీళ్ల ట్యాంకు గురించి లేచి అడిగిన ఆడవాళ్లలో ఆమె ఒకతి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే అమెరికా లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చింది మొదలు మా వైపు లూథరన్ మిషన్ వాళ్లు చర్చితో పాటు బళ్లు కూడా పెట్టారు. చాలా పల్లెల్లో వారమంతా పాఠాలు చెప్పిన పంతులుగారే ఆదివారం ప్రార్థన నడిపేవారు. ఒంగోలు వైపు బాప్టిస్టులదీ అదే దారి. 1878 జులైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం (నీళ్లతో క్రైస్తవంలో చేర్చుకునే ఆచారం) తీసుకున్నారు. అవి పెద్ద కరువు వెంటాడిన రోజులు, వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు వల్లే వచ్చారని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఊరి బడిలోకి రానివ్వని కులాల పిల్లలకి పలక చేతిలో పెట్టిన చోటికి మనుషులు ఊరికే వెళ్లరు, వెళ్లాక ఊరికే ఉండిపోరు.

జబ్బు చేసినప్పుడు, చావు వచ్చినప్పుడు సంఘం ఏంటో బాగా తెలుస్తుంది. నాన్న గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు స్త్రీల సమాజం వాళ్లు వంతులేసుకుని క్యారియర్లు పంపారు. రోజూ అన్నం వండేముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కన తీసి సంఘానికి ఇస్తారు. ఆ బియ్యమే ఇలాంటి ఇళ్లకి వెళ్తుంది. నాన్న పోయిన రోజు గొయ్యి తవ్వింది యూత్ కుర్రాళ్లు. భూస్థాపన అయ్యాక ఆదరణ కూడికకి వచ్చినవాళ్లు నాన్న గురించి ఒక్కో సంగతి చెబుతుంటే, మాకే తెలియని నాన్న కనిపించాడు.

తాగుడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇల్లాళ్లు భర్తని చర్చికి లాక్కొచ్చేది దానికోసమే. మా చిన్నాన్న మానేశాడు. ఒక్క ప్రార్థనతో కాదు. తను సాయంత్రం బయటికి వెళ్లే టైముకే మా ఇళ్లలో కుటుంబ ప్రార్థన పెట్టేవాళ్లు. సంఘ పెద్దలు కావాలనే వాళ్లింట్లో ఎక్కువసార్లు పెట్టించారు. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ వచ్చారు. డిసెంబరులో మానేసి సంక్రాంతికి మళ్లీ పట్టుకున్నవాళ్లనీ చూశాను. వెంటపడేవాళ్లు ఉన్నచోట ఫలితం కనిపించింది.

అమెరికాలో 74,534 మంది మహిళా నర్సులని పదహారేళ్ల పాటు గమనించి 2016లో ఒక పరిశోధన వచ్చింది. వారానికి ఒకసారి కంటే ఎక్కువ ఆరాధనకి వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే మరణాలు 33 శాతం తక్కువగా కనిపించాయి. కారణాల్లో పదిమంది తోడు, పొగ తాగకపోవడం, డిప్రెషన్ తక్కువగా ఉండడం లాంటివి వాళ్లు చూపించారు. అక్కడి నర్సుల లెక్క మన పల్లెకి అతికినట్టు సరిపోదు. అయినా తోడు అనేది ఇక్కడ నేను కళ్లారా చూసిందే.

ఇక మీరు భయపడాల్సిన సంగతులు. మా బంధువుల్లో ఒకామె స్వస్థత కూటానికి (ప్రార్థనతో జబ్బులు నయం చేస్తామనే సభకి) వెళ్లి వచ్చి బీపీ మాత్రలు ఆపేసింది. "విశ్వాసం ఉంటే మందులెందుకు" అన్నారట. పక్షవాతం వచ్చింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే మా గుంటూరులో అన్నా కుగ్లర్ అనే మిషనరీ డాక్టరమ్మ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించింది, అది ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. ప్రార్థన, మందు కలిసి నడిచిన సంప్రదాయం మాది. మాత్రలు మానెయ్యమనే చోటి నుంచి అమ్మగారిని నిర్మొహమాటంగా బయటికి తీసుకురండి. డబ్బు కూడా అంతే. కానుక, దశమభాగం ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఇస్తారు. "విత్తనం వెయ్యండి, వందరెట్లు వస్తుంది" అంటూ చేతి గాజులు తీయించే చోట ఆగొద్దు. ఇంకో బాధ ఏంటంటే కులం. దేవుడి ముందు అందరూ ఒకటే అని పాడి, సమాధుల దగ్గర విడిపోయే ఊళ్లున్నాయి.

మీది ఎస్సీ కుటుంబమైతే ఒక విషయం ముందే తెలుసుకోండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సి కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో, బాప్తిస్మం తీసుకుని క్రమంగా చర్చికి వెళ్తున్న ఒకామెకి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నాకు ఈ నిబంధన అన్యాయంగానే అనిపిస్తుంది, మతం మారితే ఊళ్లో ఎవరూ కులాన్ని మర్చిపోరు కదా. కానీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే అమ్మగారు బాప్తిస్మం దాకా వెళ్లేముందు తెలిసిన లాయరుతో మాట్లాడండి.

ఇంట్లో గొడవ మాత్రం బొట్టు, ప్రసాదం దగ్గర మొదలవుతుంది. బాప్తిస్మం తీసుకున్నాక చాలా సంఘాల్లో ఆ రెండూ మానేస్తారు. బంధువుల ఇంట్లో వ్రతానికి వెళ్లి ప్రసాదం తీసుకోకపోతే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. దానికి నా దగ్గర మందు లేదు. ఆవిడని నలుగురిలో నిలదీయొద్దని మాత్రం బతిమాలుతున్నాను. నిలదీసిన ఇళ్లలో తల్లులు చెప్పకుండా వెళ్లడం మొదలుపెట్టారు. అప్పుడు డబ్బు అడిగినా, మాత్రలు ఆపమన్నా మీకు తెలియదు.

ఒక ఆదివారం ఆవిడతో పాటు మీరూ వెళ్లండి. వెనక బెంచీలో కూర్చుని పక్కవాళ్లు అమ్మగారితో ఎలా ఉన్నారో, కానుకల లెక్క అందరి ముందూ చదువుతున్నారో లేదో చూడండి. అయిపోయాక పాస్టర్ గారితో మాట్లాడి, అమ్మగారి షుగరు, బీపీ సంగతి మీరే చెప్పండి. ఆయన ఏమంటారో దాన్నిబట్టే మీకు సగం అర్థమవుతుంది. చాలాచోట్ల నెల మొదటి ఆదివారం సంస్కారం (యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) ఉంటుంది కాబట్టి ఆ రోజు కాస్త ఆలస్యమవుతుంది. ఆ రొట్టె, ద్రాక్షారసం మామూలుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇస్తారు. మీరు లేవకుండా కూర్చునే ఉండొచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు.