జీనా ఎందుకు వెనక్కి వచ్చింది?

ప్రశ్న: ‘జీనా: వారియర్ ప్రిన్సెస్’ టీవీ సీరియల్ రెండో సీజన్‌లో విధిదేవతలు జీనా గతాన్ని మార్చేస్తారు. చనిపోయిన తమ్ముడు బతికే ఉంటాడు. ఆమె ఆ లోకంలోనే ఉండిపోవచ్చు కదా?

జవాబు: ఉండిపోదామనే అనుకుంది పాపం! కోపంతో నెత్తురు చిందిస్తే అంతా మొదటికి వస్తుందని షరతు. తమ్ముడు లైసియస్ ఉన్నాడు సరే, తల్లి లేదు. అసలు లోకంలో తన నేస్తమైన గాబ్రియేల్ ఇక్కడ బానిస. కథలు చెప్పాల్సిన ఆ పిల్ల చేతికి నెత్తురు, కళ్లలో పగ చూశాక జీనా కత్తి ఎత్తింది. 1996 నాటి ఈ భాగాన్ని మూడుసార్లు చూశాను. ఆ చూపు దగ్గర ఇప్పటికీ నా కాఫీ చల్లారిపోతుంది.

మన భాగవతంలో కకుద్మి అనే రాజు బ్రహ్మలోకంలో పాట వింటూ కాసేపు ఆగితే, భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి. అక్కడ కాలం దాటిందే కానీ గతం మారలేదు. కూతురు రేవతికి బలరాముడు దొరికాడు, అది వేరే సంగతి.